పని అయిపోయినా కదలని క్యాంపు

1963 జూలై 26న నెహ్రూ గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. ఇప్పుడు శ్రీరాంసాగర్, ఎస్సారెస్పీ అంటున్నది దాన్నే. ఆనకట్ట చరిత్ర రాసేవాళ్లు ఆ తేదీతో మొదలుపెట్టి నేరుగా గేట్ల దగ్గరికి, ఆయకట్టు దగ్గరికి వెళ్లిపోతారు. నడుమ ఉన్న క్యాంపు ఎవరి లెక్కలోకీ రాదు. నదిలో మొదటి తట్ట మన్ను పడకముందే ఒడ్డున ఓ చిన్న ఊరు లేవాలి. ఇంజినీర్లకు క్వార్టర్లు, సైటు ఆఫీసు, స్టోరు, సిమెంటు గోడౌను, వర్క్‌షాపు, దవాఖాన, కూలీలకు గుడిసెలు, ఇవేవీ లేకుండా పని మొదలు కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇలాంటి ఊళ్లు డెబ్బై ఏళ్లకు పైగా ఎక్కడో ఒకచోట లేస్తూనే ఉన్నాయి. కడెం ప్రాజెక్టు పని 1949లో మొదలై, 1958 వరదకు కట్ట తెగి, మళ్లీ కట్టుకుంటూ 1965 దాకా సాగింది. దిగువ మానేరు డ్యాం (ఎల్ఎండీ) పని 1974 నుంచి 1985 వరకు నడిచింది. రామగుండంలో ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రానికి 1978 నవంబరు 14న శంకుస్థాపన జరిగింది. 2016 తర్వాత మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీలు వచ్చాయి. ఈ క్యాంపులన్నీ తాత్కాలికమనే పేరుతోనే పుట్టాయి. వాటిని లేపడానికి ప్లాను ఎప్పుడూ కరువు కాలేదు. తీసేయడానికి వేసుకున్న ప్లాను మాత్రం కాగితం దాటి రాలేదు. ఇప్పుడు సైట్లలో పోర్టా క్యాబిన్లు, ప్యానెల్ షెడ్లు దిగుతున్న వేళ ఆ పాత లెక్క ఒకసారి తిరగేయాలి.

కాగితం మీద తీసేసే ప్లాను నిజంగానే ఉండేది. నీటిపారుదల ప్రాజెక్టుల అంచనాల్లో ఖర్చును అక్షరాల వారీ పద్దులుగా విడగొడతారు. అందులో ‘కె - బిల్డింగ్స్’ అనేది ఒక పద్దు. దాని కింద శాశ్వత భవనాలు వేరు, తాత్కాలిక భవనాలు వేరు. పని ముగిశాక తాత్కాలిక భవనాలను విప్పి అమ్మితే వచ్చే సొమ్మును రాబడి కింద ముందే చూపి, మొత్తం అంచనాలోంచి తగ్గిస్తారు కూడా. అంటే ఈ కట్టడం ఒకనాడు పోతుందని, దాని రేకులకూ కలపకూ తలుపులకూ ఎంతో కొంత ధర పలుకుతుందని లెక్క కట్టినవాళ్లకు బాగా తెలుసు. తెలిసీ ఎందుకు పోలేదు?

అలసత్వం అనడం తేలిక. నాకు కనిపించే కారణం వేరు. ఇక్కడి పనులు ఒక్క ఊపులో ముగిసినవి కావు. పోచంపాడు ఆనకట్ట పూర్తవడానికే దాదాపు పదిహేనేళ్లు పట్టింది. క్యాంపులో పుట్టిన పిల్ల పదో తరగతికి వచ్చేంత కాలం అది. ఆ పైన కాకతీయ కాలువ ఉంది. ఆనకట్ట నుంచి దిగువ మానేరు దాకానే 146 కిలోమీటర్లు, మొత్తం 284. కాలువ ముందుకు జరిగేకొద్దీ డివిజన్ ఆఫీసులు జరిగాయి, క్యాంపులు కొత్తవి పడ్డాయి, పాతవాటిలో నిర్వహణ సిబ్బంది ఉండిపోయారు. రామగుండంలోనూ ఇదే కథ. మొదట 200 మెగావాట్ల యూనిట్లు మూడు, తర్వాత 500 మెగావాట్లవి మూడు, 2004 నాటికి ఏడో యూనిట్, మొత్తం 2,600 మెగావాట్లు. ఒక దశ కూలీలు సర్దుకునేలోపు ఇంకో దశ టెండర్లు వచ్చేవి. అందుకే ఎన్టీపీసీ పర్మనెంట్ టౌన్‌షిప్‌ను పీటీఎస్ అన్నట్టే టెంపరరీ టౌన్‌షిప్‌ను టీటీఎస్ అంటూ ఆ రెండో పేరునూ అడ్రసుల్లో రాసుకునే అలవాటు అక్కడి ఎన్టీపీసీ కాలనీ జ్యోతినగర్‌లో స్థిరపడింది. నిర్మాణం విడతల్లో సాగే చోట తాత్కాలిక భవనానికి గడువు తేదీ ఉండదు. గడువు లేనిదాన్ని కూల్చమని ఏ అధికారీ సంతకం పెట్టడు.

పోనీ, ఉండిపోతే నష్టమేంటి అని అడగవచ్చు. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. జగిత్యాలలో ధరూర్ క్యాంపు ఎస్సారెస్పీ కోసం పుట్టినదే. ఊరు పెరిగి, జిల్లా ఏర్పడి, ఇవాళ కలెక్టరేటు ఆ చోటనే ఉంది. తిమ్మాపూర్ దగ్గరి ఎల్ఎండీ కాలనీ రాజీవ్ రహదారి మీద అందరికీ తెలిసిన స్టాపు. సర్కారు చేతిలో ఒక్కచోట ఉన్న భూమి, వేసిన రోడ్లు, నీళ్ల ట్యాంకు తర్వాతి తరానికి ఆస్తిగా మారాయి. అయితే ఇది ప్లాను వల్ల దక్కిన లాభం కాదు, పట్నం పక్కన పడటం వల్ల దక్కిన అదృష్టం. పట్నానికి దూరంగా పడ్డ క్యాంపుకు ఆ యోగం లేదు. అక్కడి క్వార్టర్లకు మరమ్మతు పద్దు ఉండదు. తాత్కాలికమని రాసుకున్న దానికి నిధులెవరు ఇస్తారు? అటు కూల్చరు, ఇటు బాగుచేయరు. కప్పు కురుస్తుంది, తలుపులు మాయమవుతాయి, సర్కారు తుమ్మ మొలుస్తుంది. ప్రాజెక్టు కింద భూమి పోగొట్టుకున్న రైతుకు ఆ పడావు చెక్కను చూస్తే కలిగే కోపం న్యాయమైనదే.

ఇదంతా క్వార్టర్ల సంగతి. కూలీల గుడిసెల చరిత్ర దీనికి పూర్తిగా తలకిందులు. అవి నిజంగానే తాత్కాలికం, ఆనవాలు కూడా మిగల్లేదు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు (మహబూబ్‌నగర్) కూలీల గుంపులు ఉంటాయనేది నానుడిలాంటి మాట. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తెచ్చిన కుటుంబాలు మట్టి మోశాయి, వడ్డెరలు రాయి కొట్టారు. వాళ్ల ఇల్లంటే నాలుగు వెదురు బొంగులు, తడకలు, చాపలు, పైన కుట్టిన ఖాళీ గోనెసంచులు, అంతే. అంచనాలో వీటికి పద్దు లేదు, అది కాంట్రాక్టరు పూచీ. పూచీ ఏమిటో షరతుల్లో వివరంగానే ఉంది. కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టు షరతుల్లో 19హెచ్ చూడండి. చూరు దగ్గర గుడిసె ఎత్తు 2.10 మీటర్లకు తగ్గరాదు, కుటుంబంలో ఒక్కొక్కరికి 2.7 చదరపు మీటర్ల నేల ఉండాలి, నేల చుట్టుపక్కల కంటే 15 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. ఆ అంకెలు రాసినవాళ్లకు వానాకాలం తెలుసు, కుటుంబం తెలుసు. అయితే గుడిసె కొలతలు ఎవరు కొలిచారు? బిల్లు పాసవ్వాలంటే కాంక్రీటు క్యూబు పగలగొట్టి చూస్తారు గానీ చూరు కింద టేపు పెట్టి చూడరు. 2025లో కొత్త కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం ఒక అడుగు ముందుకేసింది. దాని 34వ సెక్షన్ ప్రకారం కార్మికులకు తాత్కాలిక వసతి ఉచితంగా ఇవ్వాల్సి ఉండేది. వంటకు, స్నానానికి, బట్టలు ఉతకడానికి, మరుగుదొడ్డికి వేర్వేరు ఏర్పాట్లు ఉండాల్సింది. పని అయ్యాక యజమాని సొంత ఖర్చుతో వాటిని తొలగించి నేలను మంచి స్థితికి తేవాల్సింది. క్వార్టర్ల విషయంలో ఎన్నడూ అమలు కాని మాటనే చట్టం కూలీల వసతి విషయంలో సూటిగా చెప్పింది.

విప్పి మరోచోట బిగించే కట్టడం కొత్త ఊహేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916లో నిస్సెన్ అనే ఇంజినీరు చేసిన రేకుల గుడిసె ఒక్క బండికి సరిపోయేది, ఆరుగురు మనుషులు నాలుగు గంటల్లో నిలబెట్టేవారు. ఇప్పటి పఫ్ ప్యానెల్ క్యాబిన్ దాని మనవడు. రెండు రంగు రేకుల నడుమ 50 మిల్లీమీటర్ల నురగ, కింద ఉక్కు ఫ్రేము, నాలుగు మూలలా ఎత్తడానికి కొక్కేలు. ఇరవై అడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్నది ట్రయిలర్ ఎక్కి పోతుంది. పాత రేకుల షెడ్డు కంటే ఖరీదనేది కాంట్రాక్టర్ల అభ్యంతరం. ఒక్క పనికి లెక్క వేస్తే నిజమే, మూడు నాలుగు సైట్లకు పంచితే నిలవదు. పైగా ఇక్కడి వాతావరణం ముందు రేకుల షెడ్డును చవక అనడానికి వీల్లేదు. రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. ఆదిలాబాద్ చలి పది డిగ్రీల కిందికి దిగుతుంది. ఒట్టి రేకు కింద రాత్రి షిఫ్టు చేసినవాడు పగలు నిద్రపోలేడు. నిద్రలేనివాణ్ని మర్నాడు పరంజా ఎక్కించడం ఏ లెక్కలోనూ పొదుపు కాదు.

నాకు బలంగా తోచే అభ్యంతరం వేరే ఉంది. ప్యానెల్ క్యాంపు ఒంటరి మగవాడిని ఊహించుకుని గీసిన ప్లాను. బంకు మంచాలు, ఉమ్మడి మెస్సు, గేటు దగ్గర రిజిస్టరు. బీహార్, ఒడిశా, జార్ఖండ్ నుంచి ఒక్కడిగా వచ్చే కార్మికుడికి అది సరిపోతుందేమో. పాలమూరు గుంపుకు సరిపోయేది కాదు. అక్కడ ఆడవాళ్లూ కూలీలే, పిల్లలూ వెంటే ఉంటారు. యాభై మందికి మించి ఆడకూలీలు ఉన్న చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలని ఆ 1996 చట్టంలోనే 34 తర్వాతి సెక్షన్ చెప్పింది. కుటుంబాన్ని క్యాంపు బయట పెడితే గేటు అవతల మళ్లీ తడకల గుడిసెలు లేస్తాయి. అవి ప్లానులోనూ ఉండవు, తొలగింపు ఖర్చులోనూ ఉండవు. అదే క్యాబిన్‌కు నడుమ గోడ పెట్టి, బయట వంట చూరు దించి, రెండు కుటుంబాలకు ఇవ్వడం సాంకేతికంగా కష్టమేమీ కాదు. టెండరులో అడగకపోవడమే అడ్డు. అక్కడ క్యాబిన్ల సంఖ్య ఉంటుంది, ప్యానెల్ మందం ఉంటుంది. క్యాబిన్ ట్రయిలర్ ఎక్కి వెళ్లాక మిగిలే సిమెంటు దిమ్మెలు, సెప్టిక్ ట్యాంకుల గుంతలు, మురుగు కాలువ, గట్టిపడ్డ నేల ఎవరు ఏ తేదీకల్లా సరిచేయాలో, అందుకు ఏ బిల్లులోంచి ఎంత సొమ్ము ఆపి ఉంచుతారో అదే పేజీలో రాయాలి. దశ దశకూ పని సాగే రామగుండంలాంటి చోట ఆ తేదీని దశ దశకూ విడిగా రాయాలి.