శాస్త్ర పరిశోధనలో ఉల్లేఖనం - స్థల ప్రభావం: రెండు చారిత్రక నిదర్శనాలు

పరిశోధకుడు తన వ్యాసంలో పూర్వుల కృషిని పేర్కొనడమే ఉల్లేఖనం. అది ఋణస్వీకారం, ఎవరి రచన ఎవరి దృష్టికి వచ్చిందో తెలిపే చారిత్రక సాక్ష్యం కూడా. 1960వ దశకంలో ఫిలడెల్ఫియా నుండి యూజీన్ గార్‌ఫీల్డ్ 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్'ను వెలువరించడంతో ఈ సాక్ష్యాన్ని విస్తృతంగా లెక్కించడం సాధ్యమైంది. క్రమేణా ఆ సంఖ్యయే యోగ్యతకు కొలమానమైంది. అందులో పరిశోధన జరిగిన చోటుకు గల పాలెంతో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని రూపొందించాడు. 1925లో 'జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ'లో వెలువడిన ఆ వ్యాసం జీవరసాయన శాస్త్రంలో అత్యధికంగా ఉల్లేఖితమైన వాటిలో ఒకటి. అయితే హార్వర్డ్ ఆ వ్యాసానికి ఇచ్చిన ఆశ్రయాన్ని వ్యక్తికి ఇవ్వలేదు. శాశ్వత పదవి లభించక సుబ్బారావు 1940లో లెడర్లీ ప్రయోగశాలకు తరలిపోయాడు.

రెండవ నిదర్శనం కలకత్తాకు చెందినది. కలరా క్రిములు స్రవించే విషమే వ్యాధికి మూలమని శంభునాథ్ డే కుందేళ్ల పేగులపై ప్రయోగాల ద్వారా నిరూపించాడు. క్రిములను వడగట్టి తొలగించిన ద్రవం సైతం పేగులో నీరు చేరేటట్లు చేసింది. ఈ ఫలితం 1959లో 'నేచర్' పత్రికలో వెలువడినా, తొలి సంవత్సరాలలో దానికి తగిన గుర్తింపు రాలేదు. 1986లో గార్‌ఫీల్డే ఈ వైనాన్ని వివరిస్తూ వ్యాసం రాశాడు. అప్పటికి డే మరణించి ఏడాది దాటలేదు.

ఈ భేదానికి స్థలమొక్కటే కారణమనడం తొందరపాటు. ప్రయోగ పద్ధతిని తెలిపే వ్యాసాన్ని ఆ పద్ధతి వాడినవారందరూ పేర్కొంటారు. సిద్ధాంతాన్ని నిరూపించే వ్యాసానికి ఆ సౌలభ్యం లేదు. 1961లో ఇండోనేషియాలో మొదలైన కలరా విజృంభణ తరువాతనే ఆ వ్యాధిపై అంతర్జాతీయ ఆసక్తి పెరిగింది. విషాన్ని శుద్ధిచేసే పరికరాలు డే వద్ద లేవు. 1969లో అమెరికాలో ఫింకెల్‌స్టయిన్, లోస్పల్లుటో ఆ పని సాధించారు. అయితే ఈ చివరి కారణం సైతం పరోక్షంగా స్థలానికి సంబంధించినదే. ధనం, పరికరాలు, శిష్యబృందం, సదస్సుల పరిచయాలు ఉన్నచోటనే ఒక ఫలితానికి కొనసాగింపు లభిస్తుంది; కొనసాగింపు ఉన్నచోటనే ఉల్లేఖనాలు పెరుగుతాయి.

ఇందులో మనం ఆలోచించవలసిన అంశం మరొకటి ఉంది. 1978 నాటి నోబెల్ సదస్సుకు డేను ఆహ్వానించారు. స్వదేశంలోని విజ్ఞాన అకాడమీలు మాత్రం ఆయనను సభ్యునిగా ఎన్నుకోలేదు. అంటే దూరం పశ్చిమదేశాలకూ మనకూ మధ్య మాత్రమే లేదు. పొరుగువాని కృషిని కూడా విదేశీ ముద్ర పడిన తరువాతనే గుర్తించే అలవాటు ఆ దూరాన్ని ఇంటిలోనే నిలిపింది.

కావున ఉల్లేఖన సంఖ్యను వినియోగానికి, ప్రచారానికి సూచికగా గ్రహించవచ్చును గాని, సత్యానికి ప్రమాణంగా గ్రహించరాదు. నియామకాలలో, పదోన్నతులలో ఆ సంఖ్యనే గీటురాయిగా వాడినప్పుడు, అంతర్జాతీయ సూచికలలో అతి తక్కువ చోటు దక్కిన భారతీయ భాషల పరిశోధన తొలుతనే వెనుకబడుతుంది. సంఖ్యను చూచుటకు ముందు వ్యాసాన్ని చదవడం పరీక్షకుని కనీస ధర్మం.