రేణిగుంట విమానాశ్రయం: సంస్థల పోటీ, ప్రయాణికుల సేవ

తిరుపతి విమానాశ్రయం ఊరికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, రేణిగుంట దగ్గర ఉంది. స్థానికులు దాన్ని రేణిగుంట ఎయిర్‌పోర్టు అనే అంటారు. తిరుమల కొండకు వచ్చే భక్తులే దీనికి ప్రధాన ఆదరువు.

1953 నాటి చట్టం దేశీయ సర్వీసులను ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు, విదేశీ సర్వీసులను ఎయిరిండియాకు కట్టబెట్టింది. 1994లో అది రద్దయ్యాక ప్రైవేటు సంస్థలకు దారి తెరుచుకుంది. వాటిలో కొన్ని నిలిచాయి, చాలా మూతపడ్డాయి. ఇక్కడికి ఏటీఆర్ విమానాలు నడిపిన కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది. స్పైస్‌జెట్ చిన్న విమానాలతో వచ్చింది. హైదరాబాదు కేంద్రంగా 2015 జులైలో మొదలైన ట్రూజెట్ తొలి గమ్యాల్లో తిరుపతి ఒకటి. 2022లో అదీ ఆగింది. అది ఆగకముందే ఇండిగో, స్టార్ ఎయిర్ వచ్చాయి.

2015 అక్టోబరు 22న ప్రధాని మోదీ గరుడ పక్షి ఆకారాన్ని తలపించే కొత్త టెర్మినల్‌ను ప్రారంభించారు. అంతర్జాతీయ హోదా కూడా దక్కింది. క్రమం తప్పని విదేశీ సర్వీసులు మాత్రం రాలేదు. అందుకు కారణం గిరాకీ లేకపోవడం ఒక్కటే కాదు. విదేశీ సంస్థ ఏ ఊళ్లో దిగాలో రెండు దేశాల ఒప్పందం నిర్ణయిస్తుంది. ఆగ్నేయాసియా దేశాల సంస్థలకు భారత్ ఉదారంగా తెరిచిన 18 పర్యాటక కేంద్రాల్లో విశాఖ ఉంది, తిరుపతి లేదు. ఇంత యాత్రికుల తాకిడి ఉన్న ఊరిని వదిలేయడం అన్యాయమే. మరోవైపు, రాష్ట్ర ప్రభుత్వం నష్టాన్ని భర్తీ చేస్తానన్న హామీతో ఇండిగో 2018 డిసెంబరులో మొదలుపెట్టిన విజయవాడ–సింగపూర్ సర్వీసు 2019లోనే నిలిచిపోయింది. హోదా, హామీ ఉన్నంత మాత్రాన విమానం నిలవదు.

అందుకే గల్ఫ్‌కు పోయే చిత్తూరు, పీలేరు కూలీకి స్వదేశీ, విదేశీ సంస్థల పోటీ కనబడేది చెన్నైలోనో బెంగళూరులోనో. టికెట్టులో మిగిలిన డబ్బు కొంత కారు బాడుగకే పోతుంది. తిరుమలలో సుపథం ప్రవేశ మార్గం దగ్గర ప్రవాస భక్తుడు చూపే పాస్‌పోర్టు మీదా ముద్ర పడేది ఆ ఊళ్లలోనే.

సేవల విషయంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2010లో నిబంధనలు తెచ్చింది. 2016లో పెంచిన మొత్తాల ప్రకారం, ముందస్తు సమాచారం లేకుండా సర్వీసు రద్దు చేస్తే గంటలోపు ప్రయాణానికి 5,000, రెండు గంటలు దాటితే 10,000 రూపాయల దాకా పరిహారం ఇవ్వాలి. వాతావరణం లాంటి కారణాలకు మినహాయింపు ఉంది. విదేశీ సంస్థలు తమ దేశపు నిబంధనల ప్రకారమూ చెల్లించవచ్చు. 2016లోనే ఫిర్యాదులకు ఎయిర్‌సేవ పోర్టల్ వచ్చింది. కానీ విమానం ఆలస్యమై తిరుమలలో 300 రూపాయల దర్శనం స్లాటు తప్పిపోయిన కుటుంబానికి ఈ నిబంధనల్లో ఏ ఊరటా లేదు. రేణిగుంట నుంచి హైదరాబాదుకు ఒక టికెట్టు, అక్కడినుంచి దుబాయికి ఇంకొకటి విడివిడిగా కొన్నవారికి మరో చిక్కు ఉంది: మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో సంస్థ బాధ్యత వహించదు. సాధారణంగా రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉంటేనే సామాను నేరుగా చేరేది, తప్పిన విమానానికి బదులు మరొకటి దొరికేది.