సికిందరాబాదు దోమ

చలిజ్వరమునకు మలేరియా యను పేరు పెట్టినవారు ఇటలీవారు. చెడుగాలి యని దాని యర్థము. గోదావరి మన్యమునకు వెళ్లివచ్చినవానికి జ్వరము తగిలినచో కొండనీరు పడలేదని మనవారు చెప్పుకొనెడివారు. గాలియు గాదు, నీరును గాదు, దోమయే యనుటకు మొదటి సాక్ష్యము దొరకిన చోటు మన సికిందరాబాదే యని మన యిండ్లలో ఎందఱెఱుగుదురు?

1880లో లావెరాన్ అను ఫ్రెంచి సైనిక వైద్యుడు ఆల్జీరియాలో రోగి రక్తమునందు ఈ క్రిమిని కనుగొనెను. అది రక్తపు ఎఱ్ఱకణములలో జొచ్చి, అందలి పదార్థమునే తిని పెరిగి, సంతతితో గూడ కణమును పగులగొట్టుకొని వెలువడును. ఆ వేళనే చలియు వణకును. తినగా మిగిలిన నల్లని రేణువులు దాని గుఱుతు. అయితే అది యొకరినుండి యొకరికి ఎట్లు పోవును? దోమ దానిని మోయునని 1894లో మాన్సను ఊహించెను గాని, ఆ దోమ చచ్చిపడిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునని తలచెను. సగము నిజము, సగము పొరపాటు!

రొనాల్డు రాసు ఆ యూహను పట్టుకొని రెండేండ్లు దోమలను కోసి చూచెను. ఫలము లేదు, అవి వేఱు జాతి దోమలు. 1897 ఆగష్టు 16వ తేదీన హుసేను ఖాను అను రోగిని మచ్చలరెక్కల దోమలచే కుట్టించెను. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఆతనికి కూలి. 20వ తేదీన ఆ దోమలలో నొకదాని కడుపుగోడయందు నల్లని రేణువులతో గూడిన గుండ్రని కణములు కనబడెను. మఱునాడు కోసిన దోమలో అవి యింకను పెద్దవై యుండెను. పెరుగుచున్నవి గనుక ప్రాణములు. ఆ రేణువులున్నవి గనుక జ్వరక్రిములే.

ఇట్టి సమయమున దొరతనమువారు ఆయనను మలేరియా అరుదుగా నుండు రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేసిరి! మిగిలిన పని 1898లో కలకత్తాయందు పిట్టల మలేరియాతో తీఱినది. క్రిమి దోమ లాలాజల గ్రంథులను చేరుననియు, కాటుతోనే అంటుననియు అచ్చట తేలెను. మనుష్యుల విషయమున ఆ యేడే ఇటలీలో గ్రాస్సీ మొదలగువారు నిరూపించిరి. 1902లో నోబెలు బహుమానము రాసునకే వచ్చినది. గ్రాస్సీని ఆయన దూఱిన తీరు మాకు న్యాయముగా తోచదు. అణాలకు తన దేహము నొప్పగించిన హుసేను ఖానునకు మాత్రము ఈ కథలో చోటుండవలెను.

ఇంకొక మాట. 1883లో రాసు బెంగుళూరులో నున్నప్పుడు తన కిటికీ చెంత నీటితొట్టిలో దోమపిల్లలు కదలుట చూచి దానిని బోర్లించెను. ఇంట దోమలు తగ్గెను. తక్కిన తొట్లనుగూడ బోర్లింపవలెనని సేనలోని యొక యధికారిని కోరగా, అది సృష్టిక్రమమును చెఱచుట యని ఆయన త్రోసిపుచ్చెను. మన పట్టణములలో జ్వరదోమ బావులలోను, మేడమీది నీటితొట్లలోను పెరుగును. మూతలేని తొట్టిని జూపి యింటివారి నడిగినచో, ఇంచుమించు ఆ యధికారి మాటయే నేటికిని మనకు వినవచ్చును.