విమానమునకు సాక్షి



ప్రమాణములు నాలుగని నైయాయికులు చెప్పుదురు: ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము. ఆకాశమున విమానము చెడి కూలినచో పరిశోధకునకు మిగులునది చాలవఱకు అనుమానమే. చూచినవారుండరు, చెప్పదగినవారు బ్రదికియుండరు. ఆ మృతుల పలుకును శబ్దప్రమాణముగా నిలిపిన ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ వారెన్ కృషిని గూర్చి నేడు ప్రసంగించెదను.

ఈయన 1925లో ఆ దేశపు ఉత్తర తీరమునందలి గ్రూట్ ఐలాండ్ అను దీవిలో జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. 1934లో ఆయన ఎక్కిన 'మిస్ హోబార్ట్' విమానము బాస్ జలసంధిపై అదృశ్యమయ్యెను. అందున్న పండ్రెండుగురిలో ఒక్కరును దక్కలేదు. కారణము నిశ్చయముగా తేలలేదు. తండ్రి కడపటి కానుకగా నిచ్చిన చిన్న రేడియో యంత్రముతోనే బాలునకు అట్టి సాధనములయందు మక్కువ కలిగెను. పెద్దవాడై రసాయనశాస్త్ర మభ్యసించి, మెల్బోర్న్ నగరమందలి విమాన పరిశోధనాలయమున ఇంధనముల విషయమై పనిచేయుచుండెను.

1952 మే 2వ తేదీన కామెట్ అను జెట్ విమానము ప్రయాణికులను గొనిపోవ నారంభించెను. సరిగా ఏడాదికి అట్టి దొకటి కలకత్తానుండి బయలుదేరి గాలివానలో విచ్ఛిన్నమై, 43 మంది మరణించిరి. 1954లో మరి రెండు మధ్యధరా సముద్రమున గూలెను. ఆంగ్లేయ పరిశోధకులు శకలములను సముద్రగర్భమునుండి వెలికిదీసిరి. ఒక విమానమును నీటితొట్టిలో నుంచి, లోపలి పీడనమును మాటిమాటికి పెంచి తగ్గించి చూచిరి. పలుమారులు సాగి ముడిగిన లోహము అలసి పగిలెనని తుదకు తేల్చిరి. అనుమానప్రమాణమున కెంత శ్రమ కావలసెనో చూడుడు!

ఆ కారణములను చర్చించు నొక సమావేశమున వారెన్ కూర్చుండెను. తాను ప్రదర్శనశాలలో చూచిన, తీగపై మాటలను పట్టియుంచు చిన్నయంత్రము ఆయనకు జ్ఞప్తికి వచ్చెను. విమానగతిని నమోదుచేయు సాధనములు అంతకు పూర్వమే కొన్ని కలవు. చోదకుల మాటలను యంత్రముల అంకెలతో గూర్చి, ప్రమాదమునకు చెడకుండ దాచుట యీయన సంకల్పము. 1954లో నివేదిక వ్రాసెను, ఆదరణ లభింపలేదు. అంతట తానే నమూనాను నిర్మింప బూనెను. నాలుగు గంటల సంభాషణమును, ఎనిమిది యంత్రముల సూచనలను అది ఉక్కుతీగపై నిలుపగలిగెను.

అధికారులకు అది అనవసరమని తోచెను. చోదకుల సంఘమువారు దానిని వేగులవానిగా దలచిరి. వారి భయమును నేను తేలికగా త్రోసిపుచ్చను. తరగతిలో పరీక్షాధికారి కూర్చుండి ప్రతిమాటను వ్రాసికొనుచుండిన ఉపాధ్యాయుని నాలుక యెట్లు తడబడునో బడిపంతుళ్లందఱు నెఱుగుదురు.

1958లో పరిశోధనాలయమును జూడవచ్చిన ఆంగ్లేయుడు సర్ రాబర్ట్ హార్డింగ్‌హామ్ దాని విలువను గుర్తించి, వారెన్‌ను ఇంగ్లండునకు రప్పించెను. 1960 జూన్ 10న ఆస్ట్రేలియాలోని మకాయ్ చెంత ఫాకర్ విమానము సముద్రమున గూలి 29 మంది మరణించిరి. కారణము తేలలేదు. విచారించిన న్యాయాధిపతి నమోదు యంత్రములుండవలెనని సూచించెను. చోదకస్థానమందలి మాటల నమోదును నిర్బంధించిన తొలిదేశములలో ఆస్ట్రేలియా యొకటి.

ఉక్కుతీగ పోయి అయస్కాంతపు పట్టీ వచ్చెను. అదియు పోయి, కదలు భాగములు లేని స్మృతిఫలకములు వచ్చెను. ఎనిమిది సూచనలకు మాఱుగా నేడు వందలకొలది అంశములు అంకెల రూపమున నిలుచుచున్నవి. నల్లపెట్టె యనబడునది నిజమునకు సులువుగా కనబడుటకై నారింజవన్నె పూసినది. అంతేకాదు, క్షేమముగా దిగిన విమానముల అంకెలను గూడ విమానసంస్థలు పరిశీలించుచున్నవి. దిగువేళ అతివేగము, నేలను గట్టిగా తాకుట మొదలగు దోషములు ప్రాణములు తీయకమునుపే తెలియుచున్నవి. గణితము, గణకయంత్రవిద్య నేర్చిన యువజనులకు ఇది యొక గౌరవప్రదమైన వృత్తి యైనది.

ఈ వృత్తిలో చేరువా రొక నియమమును మఱవరాదు. ప్రమాద పరిశోధనమునకు నివారణమే ప్రయోజనము, నిందారోపణము కాదని అంతర్జాతీయ పౌరవిమానయాన నిబంధనము చెప్పుచున్నది. చోదకుల నాటి భయమునకు తగిన సమాధాన మిదియే. ఈ నియమము చెడినచో, తప్పును చెప్పవలసినవాడు మౌనము వహించును. యంత్రమెన్ని అంకెలు చెప్పినను ఆ మౌనమును పూరింపజాలదు.

వారెన్ 2010లో తన 85వ యేట దివంగతు డయ్యెను. తన తండ్రి విమానమున కేమి సంభవించెనో ఆయనకు నిశ్చయముగా తెలియకయే పోయెను. అట్టి సందేహము ఇతరుల బిడ్డలకు మిగులకుండుటకు ఆయన జీవితము వినియోగపడినది.