ట్రిగ్గరుది కాదురా తప్పు

ట్రిగ్గరు నొక్కితే పలకడం లేదని చెప్పి, అప్పుడే కొత్త ట్రిగ్గరుకి ఆర్డరు పెట్టబోతున్నావా? ఆగరా నాయనా. ఆ పొయ్యిలో ఇంకో కట్టె వేసి, ఫోను అవతల పెట్టి కూర్చో. మీ కాలంలో వస్తువు మొరాయిస్తే ముందు చెయ్యి పర్సులోకి పోతుంది. మా కాలంలో వస్తువుని తిరగేసి చూసేవాళ్ళం. పర్సులో ఏమీ ఉండేది కాదు మరి.

నీ చేతిలో ఉన్న ఆ రూగర్ టెన్ ట్వంటీటూ రకం రైఫిలు 1964లో వచ్చింది. కొత్తలో దాని ధర 54.50 డాలర్లు. నేను ఒహాయోలో దిగింది డెబ్బైలలో. అప్పటికి తుపాకులు హార్డువేరు కొట్లలో కూడా దొరికేవి. మేకులు తూకానికి ఇచ్చే బల్ల వెనకాల, పెయింటు డబ్బాల పక్కనే గోడకి వరసగా ఆనించి ఉండేవి. 1968 నాటి తుపాకుల చట్టానికి ముందైతే క్యాటలాగులో చూసుకుని డబ్బు పంపితే పోస్టులో ఇంటికే వచ్చేవట. నేను వచ్చేసరికి ఆ ముచ్చట అయిపోయింది. కొట్లో నిలబడి ఫారం నింపి, సంతకం పెట్టాల్సిందే. యాభై తూటాల పెట్టె డాలరూ పైచిల్లర ఉండేది. గ్యాలను పెట్రోలు డాలరు లోపే. ఇండియాకి మాత్రం ఫోను చెయ్యాలంటే ఆపరేటరుతో కాల్ బుక్ చేసుకుని, లైను కలిసేదాకా కుర్చీలోంచి లేవకుండా కూర్చునేవాళ్ళం. కలిశాక సగం సేపు "వినపడుతోందా?" అని అరవడానికే సరిపోయేది. తూటాలు అంత చవకగా దొరికిన దేశంలోనే 2013లో అవి దొరక్క, జనం తెల్లారకముందే కొట్ల ముందు వరస కట్టడం కూడా చూశాను.

సరే, ఫోను దగ్గరికి పోయాను. తుపాకీ దగ్గరికి వద్దాం.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవాడు. కొరియా యుద్ధానికి వెళ్ళొచ్చి, లేతు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. చుట్టుపక్కల ట్వంటీటూ రైఫిలు ఎవరిది మొండికేసినా ఆయన గరాజుకే వచ్చేది. డబ్బు ముట్టేవాడు కాదు. ఎవరైనా తోటలో కాసిన టమాటాలు ఇస్తే సంతోషంగా పుచ్చుకునేవాడు. మీ నాయనమ్మ గారెలు పంపితే గిన్నె కడిగి, అందులో ఇన్ని యాపిల్ పళ్ళు వేసి తిరిగి పంపేవాడు. ఉత్త గిన్నె ఇవ్వకూడదని ఆయనకి ఎవరు చెప్పారో గానీ, ఆ మర్యాద మన ఊళ్ళదే అనిపించేది నాకు.

తుపాకీ చేతికి రాగానే ఆయన ముందు మ్యాగజైను ఊడదీసేవాడు. బోల్టు వెనక్కి లాగి తూటా కూర్చునే గది లోపలికి చూసేవాడు. చూడ్డంతో ఆగక చిటికెన వేలు పెట్టి తడిమేవాడు. "ఇప్పుడే చూశాగా, ఖాళీదే" అని తెచ్చినవాడు అంటే, "నేను చూడలేదుగా" అనేవాడు. తుపాకీ ముట్టుకున్న ప్రతిసారీ అంతే. నువ్వూ అట్లాగే చెయ్యాలి. అది అయ్యాకే మిగతా మాట.

ఆ తరవాత ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది?" అని కాదు, "ఏ నూనె పోశావు?" అని. అవతలివాడు నీళ్ళు నమిలేవాడు. ఇంట్లో తలుపు బందులకి కొట్టే నూనె కొట్టి ఉంటాడు, అదీ ధారగా. ఆ నూనె ఏళ్ళ తరబడి ఆరి ఆరి వార్నిషులా గడ్డకట్టుకుపోతుంది. ఎండాకాలం బాగా పనిచేసే తుపాకీ, జనవరి చలికి ఉడత వేటకి పోయేసరికి ట్రిగ్గరు వెనక్కిపోయి అక్కడే ఉండిపోతుంది. "ట్రిగ్గరు పాడైంది" అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

అసలీ తూటా సంగతి తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. ఈ ట్వంటీటూ లాంగ్ రైఫిల్ 1887 నాటిది. నిప్పు రాజేసే మసాలా దీని అడుగు అంచు మడతలో ఉంటుంది. సీసపు గుండుకి పైన మైనం పూత. పేలినప్పుడు బోల్టుని పట్టి ఉంచే తాళమంటూ ఏదీ ఉండదు, దాని బరువూ స్ప్రింగూ తప్ప. తూటా డొప్ప వెనక్కి తన్నితే బోల్టు వెనక్కి పోతుంది, పిన్నుని కొట్టే హ్యామర్‌ని వంచుతుంది, మళ్ళీ ముందుకొస్తూ ఇంకో తూటా ఎక్కిస్తుంది. ఆ తన్నుతోపాటే మసి, కాలని మందు, మైనం, సీసపు పొడి అన్నీ వెనక్కొస్తాయి. వచ్చి ఎక్కడ పడతాయి? కిందనున్న ట్రిగ్గరు పెట్టెలో. అక్కడ నీ నూనె సిద్ధంగా ఉంటుంది. రెండూ కలిస్తే మడ్డి. హ్యామర్, దాన్ని ఆపి ఉంచే సియర్, నువ్వు వేలు వదిలేదాకా రెండో తూటా పేలకుండా చూసే డిస్‌కనెక్టర్ - ఇవన్నీ గింజంత జాగాలో కదలాల్సిన ముక్కలు. మడ్డిలో ఎట్లా కదులుతాయి?

నీ తుపాకీలో ట్రిగ్గరు వదులుగా ఊగుతోందన్నావు కదూ? అయితే సేఫ్టీ బొత్తాం నొక్కి చూడు. ఈ రకంలో హ్యామర్ వంగి ఉంటేనే సేఫ్టీ పడుతుంది. పడకపోతే హ్యామర్ వంగలేదన్నమాట. బోల్టు పూర్తిగా వెనక్కి పోలేదు. తూటాలో బలం చాలకపోయి ఉండాలి, లేదా బోల్టు దారిలో మసి పట్టి ఉండాలి. ఇందులో ట్రిగ్గరు పాపం ఏముంది? రోగం ఒకటైతే మందు ఒకటి వేస్తున్నావు నువ్వు.

టక్‌మని చప్పుడొచ్చి పేలకపోతే వేరే సంగతి. గొట్టం గురివైపే ఉంచి అర నిమిషం ఆగు, ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి. అప్పుడు దాన్ని తీసి అడుగంచు చూడు. తూటా అంచుని కొట్టే పిన్ను గుర్తు లోతుగా దిగి ఉంటే తప్పు తూటాది. అంచులో మసాలా అన్ని పక్కలా సమంగా పడక, పిన్ను తగిలినచోట లేదు. గుర్తు తేలిగ్గా గీసినట్టుంటే తుపాకీది. పిన్ను దారిలో మడ్డో, హ్యామర్‌కి జోరు లేకపోవడమో.

ఇక శుభ్రం చెయ్యడం. చెక్కకి ఉన్న మర ఊడదీస్తే రైఫిలు పైకొస్తుంది. అడ్డంగా ఉన్న రెండు పిన్నులు తోస్తే ట్రిగ్గరు పెట్టె మొత్తం చేతిలోకి వస్తుంది. బయట ఉన్నప్పుడు దాని హ్యామర్‌ని ఊరికే టపీమని వదలకు, పెట్టె పగులుతుంది. మినరల్ స్పిరిట్సులో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోము. బయటికొచ్చే నలుపు చూసి నువ్వే ఆశ్చర్యపోతావు. ట్రిగ్గరుని ముందుకి తోసే చిన్న పిన్నూ దాని స్ప్రింగూ ఉన్న బొక్క మర్చిపోకు. వెనక్కిపోయి ఉండిపోయే ట్రిగ్గరుకి చాలాసార్లు అదే కారణం. బాగా ఆరనిచ్చి, ఇరుసుల దగ్గర తుపాకీ నూనె ఒక్కొక్క చుక్క. పాపం తడారిపోతుందని జాలిపడి ఇంకో చుక్క వెయ్యకు.

ఇదంతా ఓపిక లేక ఆకురాయి పట్టుకున్నవాళ్ళనీ చూశాను. ట్రిగ్గరు గట్టిగా ఉందని ఒకాయన సియర్ కొసని కాస్త అరగదీశాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఆ ఉక్కుకి గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. అది పోయాక లోపలి మెత్తని ఉక్కు నెలల్లో అరిగి, ఒక్క నొక్కుకి రెండు తూటాలు పేలడం మొదలైంది. ఆ మనిషి సరదాపడి చూపించడానికి తెచ్చాడు. పక్కింటి పెద్దాయన నవ్వలేదు. తుపాకీ ఖాళీ చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. "సియర్, హ్యామర్ రెండూ కొత్తవి వేస్తేనే ఇది బయటికొస్తుంది" అన్నాడు. ఒక నొక్కుకి ఒకటికి మించి పేలేదాన్ని 1934 నాటి చట్టం మెషిన్ గన్ అంటుంది. చట్టం సంగతి అటుంచినా, రెండో గుండు ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. నీకెప్పుడైనా అట్లా పేలితే అక్కడితో ఆపి, గన్‌స్మిత్ దగ్గరికి తీసుకుపో. నీ తెలివి, నా తెలివి రెండూ అక్కడ పనికిరావు.

శనివారం రేంజికి పోదాం. బిగించాక పది తూటాలూ ఒకేసారి నింపకు. ముందు ఒక్కటి ఎక్కించి కాల్చు. తరవాత రెండు ఎక్కించి, మొదటిది పేలాక వేలు వదలకుండా పట్టుకో. రెండోది పేలకూడదు. వేలు మెల్లగా వదులు, ట్రిగ్గరు ముందుకొచ్చి టిక్‌మని కూర్చోవాలి. అప్పుడు నొక్కు. అట్లా నాలుగైదుసార్లు సరిగ్గా పలికితే మ్యాగజైను నింపుకో. కొత్త ట్రిగ్గరు డబ్బులతో తూటాలు కొందాం.