మసిగుడ్డ

మసిగుడ్డ అంటే వేడి గిన్నెలను పొయ్యి మీదినుండి దించడానికి, మూతలు తీయడానికి, గంజి వార్చడానికి చేతికి అడ్డుగా పట్టుకొనే గుడ్డ. కొన్ని ప్రాంతాలలో మసిబట్ట అని కూడా అంటారు. సాధారణంగా చిరిగిన పంచె, తువ్వాలు లేదా నూలుచీర ముక్కను మడతపెట్టి ఇందుకు వాడుతారు. అదే గుడ్డను పొరలుగా పేర్చి, బొంత కుట్టినట్లు కుట్టి, చుట్టూ అంచు కట్టి తయారుచేసినదానిని ఇంగ్లీషులో పాట్ హోల్డర్ అంటారు. చూడటానికి చిన్న వస్తువే అయినా, సరిగ్గా కుట్టని మసిగుడ్డ వలన చేతులు కాలే ప్రమాదం ఉంది.

పేరు, వాడుక

కట్టెల పొయ్యి మీద వండినప్పుడు గిన్నెల అడుగుకు, పక్కలకు మసి పడుతుంది. దించిన ప్రతిసారీ ఆ మసి గుడ్డకు అంటుకొని అది ఎప్పుడూ నల్లగా ఉండేది కనుక ఈ పేరు వచ్చింది. బాగా మాసిన బట్టలను "మసిగుడ్డలా ఉన్నాయి" అనడం నేటికీ వాడుకలో ఉంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన దీపం పథకం, 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం వంటి వాటితో గ్యాసు పొయ్యి పల్లెలలోని పేద ఇళ్ళకు కూడా చేరింది. వంటింట్లో మసి తగ్గినా పేరు మాత్రం మారలేదు.

గిన్నెను దించడానికి పట్టకారు కూడా ఉంది. అంచు ఉన్న గిన్నెలకు అది చక్కగా పనికివస్తుంది. కానీ నిండు గిన్నెను ఒకవైపే పట్టి ఎత్తితే ఒరిగిపోవచ్చు. కుక్కరు, మట్టి కుండ, ఓవెన్ పళ్ళెం వంటి వాటికి రెండు చేతుల పట్టు కావాలి. అక్కడ గుడ్డే మేలు.

వేడిని ఆపేది ఏది?

చేతికి వేడి తగలకుండా కాపాడేది ప్రధానంగా గుడ్డ కాదు, గుడ్డ పోగుల మధ్య చిక్కుకొని కదలకుండా ఉన్న గాలి. నిశ్చలమైన గాలి ఉష్ణాన్ని చాలా నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. నీటి ఉష్ణవాహకత గాలికంటే 20 రెట్లకు పైగా ఎక్కువ. గుడ్డ తడిసిందంటే గాలి ఉన్న చోట్లలో నీరు చేరిందన్నమాట. అందుచేత నాలుగు మడతల తడిగుడ్డకంటే రెండు మడతల పొడిగుడ్డ మేలు. గిన్నె వేడిగా ఉందని గుడ్డను తడిపి పట్టుకొనే అలవాటు చాలామందికి ఉంది. పట్టిన మొదటి క్షణంలో చల్లగా అనిపించినా, ఆ నీరు వేడెక్కగానే వేళ్ళు కాలుతాయి.

ఈ దృష్టితో చూస్తే వంటింట్లో అన్నిటికంటే జాగ్రత్త అవసరమైన పని గంజి వార్చడం. మూతను, గిన్నెను కలిపి గుడ్డతో బిగించి వంచినప్పుడు ఆవిరి నేరుగా గుడ్డలోకి పోతుంది, గంజి కూడా చిందుతుంది. ఒక గ్రాము ఆవిరి నీరుగా మారేటప్పుడు సుమారు 540 కేలరీల వేడిని విడిచిపెడుతుంది. అప్పటిదాకా పొడిగా ఉన్న గుడ్డ క్షణాల్లో తడిగుడ్డ అవుతుంది, చేతిలోనేమో నిండు గిన్నె ఉంటుంది. కాబట్టి వార్చేటప్పుడు మందమైన మసిగుడ్డలు రెండు, చేతికొకటి చొప్పున ఉండాలి. ఒకే గుడ్డను గిన్నెకు అటూ ఇటూ చాపి పట్టుకొంటే మధ్యభాగం వేలాడి మంటకు తగలవచ్చు.

ఏ గుడ్డ పనికివస్తుంది?

నూలు, ఉన్ని పనికివస్తాయి. పాలియెస్టర్, నైలాన్ పనికిరావు. నూలు కరగదు. వేడి మితిమీరితే రంగు మారి కమురు వాసన వస్తుంది, ఆ తరువాతే కాలుతుంది. ఆ వాసనే ఒక హెచ్చరిక. పాలియెస్టర్ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, అంతకంటే ముందే మెత్తబడుతుంది. కరిగినది చర్మానికి అతుక్కొంటుంది కనుక గాయం లోతుగా అవుతుంది. హడావిడిలో పమిటచెంగుతో గిన్నె దించడం ఏ చీరతోనైనా ప్రమాదమే, సింథటిక్ చీరతో మరీ ప్రమాదం. నూలు కూడా మంట తగిలితే త్వరగానే అంటుకొంటుందని మరువరాదు. ఉన్ని అంత సులభంగా అంటుకోదు. పాత ఉన్ని కంబళి ముక్క దొరికితే లోపలి పొరకు అంతకంటే మంచిది లేదు.

అంగళ్ళలో వెండిరంగు పూత ఉన్న గుడ్డలు, పొరలు దొరుకుతాయి. ఆ మెరుపు దూరంనుండి వచ్చే ఉష్ణ వికిరణాన్ని తిప్పికొడుతుంది కానీ, గిన్నెను తాకినప్పుడు వచ్చే వేడిని ఒంటరిగా ఆపలేదు. దానికి తోడు నూలు పొరలు తప్పవు. లోహపు పూత ఉన్నవాటిని మైక్రోవేవ్ ఓవెన్ లోపల ఉంచరాదు.

కుట్టే పద్ధతి

సాధారణంగా 8 అంగుళాల (సుమారు 20 సెంటీమీటర్ల) చదరం సరిపోతుంది. అరచేతిని, వేళ్ళను పూర్తిగా కప్పే కొలత ఇది. అంతకంటే పెద్దదైతే మూలలు పొయ్యి మీదికి వేలాడుతాయి.

గుడ్డలను ముందుగా వేడినీటిలో ఉతికి ఆరబెట్టాలి. లేకపోతే తరువాత ఒక్కొక్క పొర ఒక్కొక్క విధంగా కుంచించుకొని మసిగుడ్డ మెలి తిరుగుతుంది. పైకి, కిందికి నేత గట్టిగా ఉన్న నూలుగుడ్డ, లోపల పాత తువ్వాలు ముక్కలు రెండు మూడు లేదా ఏకిన దూది పొర పెట్టాలి. కుట్టేటప్పుడు గుడ్డ ముడుచుకుపోతుంది కాబట్టి అన్నిటినీ 9 అంగుళాలకు కత్తిరించడం మంచిది. పొరలు జరగకుండా పొడవాటి టాకాలు వేసుకొని, మధ్యనుండి అంచులకు గళ్ళుగా కుట్టుకుంటూ పోవాలి. అంచునుండి మొదలుపెడితే నడుమ గుడ్డ ఉబ్బి ముడతలు పడుతుంది.

కుట్టు వరుసల మధ్య దూరమే ఇందులో అసలు మెలకువ. మరీ దగ్గరగా కుడితే దూది అణగిపోయి గాలికి చోటుండదు, మసిగుడ్డ అట్టముక్కలా తయారవుతుంది. మరీ దూరంగా కుడితే రెండు ఉతుకులకే దూది ఒక మూలకు చేరి, పలచబడిన చోట చేయి కాలుతుంది. తువ్వాలు పొరలకు ఒకటిన్నర అంగుళం ఎడం చాలు. విడి దూదికి ఒక అంగుళం మించకూడదు. మిషను మీద కుట్టేవారు 16 లేదా 18 నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచుకోవాలి. దారం నూలుదే కావాలి.

కుట్టడం పూర్తయ్యాక 8 అంగుళాలకు సరిచేసి, చుట్టూ 2 అంగుళాల వెడల్పు గల పట్టీని మడిచి అంచు కట్టాలి. చుట్టుకొలత 32 అంగుళాలు, మూలల మడతలకు, తగిలించే ఉంగరానికి కలిపి సుమారు 40 అంగుళాల పట్టీ పడుతుంది. మూలలు గుండ్రంగా ఉంటే క్రాస్‌గా కత్తిరించిన పట్టీయే వంపు తిరుగుతుంది.

బొంతతో సంబంధం

పాతచీరలను పొరలుగా పరచి కుట్టే తెలుగువారి బొంత, బెంగాలు కాంథా, కర్ణాటక కౌదీ, మహారాష్ట్ర గోధడీ ఒకే కోవకు చెందినవి. కుట్టిన మసిగుడ్డ వీటికి చిన్న రూపం. బొంత కుట్టగా మిగిలిన ముక్కలు దీనికి చాలు.

అమెరికాలో ఈ రెంటి సంబంధం మరొక విధంగా కనిపిస్తుంది. 1861-65 నాటి అంతర్యుద్ధ కాలంలో న్యూ ఇంగ్లండు ప్రాంతపు స్త్రీలు, ముఖ్యంగా మెయిన్ రాష్ట్రంవారు, ఒక్కొక్క చదరాన్ని విడిగా కుట్టి అంచు కట్టి, తరువాత అన్నిటినీ కలిపి బొంతగా చేసేవారు. గాయపడిన సైనికులకు అటువంటి బొంతలు పంపారు. పలువురు తమ తమ ఇళ్ళలోనే తలా ఒక ముక్క కుట్టవచ్చు కనుక పని త్వరగా తెమిలేది. వీటికి పాట్ హోల్డర్ క్విల్ట్ అనే పేరు స్థిరపడింది. అంతకు ముందునుండే, 1834లో బోస్టన్‌లో మొదలైనటువంటి బానిసత్వ వ్యతిరేక సంతలలో స్త్రీలు తమ చేతికుట్టు వస్తువులను అమ్మి ఉద్యమానికి నిధులు కూడబెట్టేవారు. ఇటువంటి సంతలలో అమ్మిన మసిగుడ్డల మీద, బానిసలను పట్టి ఉంచే హోల్డరు తప్ప మరే హోల్డరైనా సమ్మతమే అనే అర్థంతో చమత్కారంగా అక్షరాలు కుట్టేవారు. యజమానికీ మసిగుడ్డకూ ఇంగ్లీషులో ఆ మాట కలవడం వలన పుట్టిన శ్లేష ఇది.

జాగ్రత్తలు

మసిగుడ్డను పొయ్యి గట్టు మీద కాక, మంటకు దూరంగా మేకుకు తగిలించాలి. చేతులు తుడుచుకోవడానికి వేరే గుడ్డ ఉంచుకోవాలి. నూనె పీల్చిన మసిగుడ్డ త్వరగా అంటుకొంటుంది కనుక తరచు ఉతకాలి. పైకి ఆరినట్లున్నా లోపలి పొరలలో తేమ ఉంటుంది, ఎండలో రెండువైపులా ఆరనివ్వాలి. వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు పలచని చోట్లు కనిపించినా, కాలిన మరకలు పడినా పారవేయవలసిందే.

చేయి కాలితే వెంటనే 20 నిమిషాలపాటు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసివేయాలి. సిరా, టూత్ పేస్టు, పసుపు, మంచుగడ్డ పెట్టరాదు. బొబ్బలు చిదపరాదు. కాలిన మేర అరచేతికంటే పెద్దదైనా, చర్మం తెల్లబడినా, స్పర్శ తెలియకపోయినా ఆలస్యం చేయక వైద్యుని వద్దకు వెళ్ళాలి.