చనుబాలు, మరబియ్యం, డి.డి.టి.

లాలాగూడ పక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చరిత్ర మన పసిపిల్లల చావులతో ముడిపడి ఉందంటే నమ్ముతారా? 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసమే అది మొదలైంది. హైదరాబాదుకి 1958లో వచ్చింది.

అప్పట్లో మన కోస్తా జిల్లాల్లో బెరిబెరి ఎక్కువ. మరపట్టిన తెల్లన్నం తిన్న తల్లి పాలల్లో బి1 విటమిన్ తగ్గిపోయేది. బాగానే ఉన్నాడనుకున్న పసివాడు మూణ్ణెల్లకే గుండె దెబ్బతిని పోయేవాడు. ఉప్పుడు బియ్యం తినేచోట ఈ బాధ తక్కువ. 1941లో అక్రాయిడ్, కృష్ణన్ ఈ ప్రాంతపు శిశుమరణాల మీద పరిశోధన ప్రచురించారు.

అలాగని పేదతల్లి పాలు ఉత్త నీళ్ళేం కాదు. 1950లలో ఇదే సంస్థకి చెందిన సి. గోపాలన్ పరిశీలిస్తే, అర్ధాకలి తల్లుల పాలల్లోనూ ప్రోటీను పెద్దగా తగ్గలేదు. కొన్ని విటమిన్లు మాత్రం ఆమె తిండిని బట్టే ఉంటాయి.

పురుగుమందుదీ ఇదే దారి. డి.డి.టి. ఒంటి కొవ్వులో చేరి, ఆ కొవ్వుతోపాటే పాలల్లోకి దిగుతుంది. 1951లో అమెరికాలో, తర్వాత మనదేశంలోనూ తల్లిపాలల్లో బయటపడింది. ఇక్కడ పంటలకి దాన్ని నిషేధించింది 1989లో.

ఇదంతా చదివి డబ్బాపాలకి పరిగెత్తకండి. రోగాల్ని ఆపే తల్లి రక్షణ డబ్బాలో దొరకదు. ఆరునెలలదాకా తల్లిపాలే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ చెప్తోంది. బియ్యం తెల్లగా పట్టిందీ, పొలంలో మందు కొట్టించిందీ ఎవరో. "నీ పాలు మంచివి కావు" అనే మాట మాత్రం బాలింతకా?